మోటారు వేసింది నేనే

ఏడేళ్లుగా ఒక్క మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం దిగుతుంది, నవ్వు వస్తుంది, ఊళ్లో ఎవరితో పోట్లాడాలన్నా ముందు నేనే ఉంటాను. ఆ మాట మాత్రం బయటికి రాదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేను. కాసేపట్లో మెకానిక్ మస్తాన్ వస్తున్నాడు. తొందరలో రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకండి.

మాది అల్లూరు పక్కన, సముద్రపు గాలి తగిలే చోటు. మా ఆయన పోయాక రెండు రొయ్యల గుంటలు నేనే చూసుకుంటున్నాను. గుంటలో నీళ్లు చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఉంటాయి. మబ్బు పట్టిన రోజు అవి ఆగాయంటే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. ఇంకాస్త ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది.

ఏడేళ్ల కిందట ఆ రోజూ మబ్బే. మధ్యాహ్నం. పక్క గుంటలకు కాపలా ఉండే పెంచలయ్య, మోటారు బాగుచేయడానికి వచ్చిన మెకానిక్ మస్తాన్‌ను షెడ్డులో పెట్టి లోపల గడియ వేసుకున్నాడు. చేతిలో వలలు కోసే కత్తి. రొయ్యలు దొంగిలించాడని వాళ్ల యజమాని అంతకుముందు పెంచలయ్యను నలుగురిలో చెప్పుతో కొట్టాడు. పెంచలయ్య అడిగింది ఒక్కటే. ఆ యజమాని నోటితోనే, ఆ నలుగురికీ వినపడేలా, పెంచలయ్య దొంగ కాదని అనాలి. మస్తాన్ మీద పగేమీ లేదు. ఆ పూట షెడ్డులో ఉన్నాడు, అంతే.

అబ్బ, ఏం జనం! గట్ల మీద తిరునాళ్లే. అబద్ధమెందుకు, అందరికంటే ముందు నిలబడింది నేనే. కబురంది వచ్చిన ఎస్సై దణ్ణం పెట్టి వెళ్లమన్నాడు, కసిరాడు, ఒక్కరు కదిలితే ఒట్టు. ఆయన దగ్గర ఉన్నది నలుగురు కానిస్టేబుళ్లు. లోపలి నుంచి పెంచలయ్య కేకేశాడు, ఏరియేటర్ల మోటార్లన్నీ ఆపాలని, ఎవరన్నా వస్తుంటే అడుగుల చప్పుడు తనకు వినపడాలని. మోటారు మోగిందంటే మోసం చేసినట్టేనన్నాడు. ఎస్సై మాటిచ్చాడు. చుట్టుపక్కల మోటార్లన్నీ ఆపించాడు. నావి నా చేత్తోనే ఆపాను. ఇదంతా నా చెవులతో విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

ముప్పావుగంట గడిచింది. నెల్లూరులో ఉన్న యజమానిని ఎస్సై ఫోన్లో బతిమాలాడు, బెదిరించాడు, మళ్లీ బతిమాలాడు. చివరికి ఆ పెద్దమనిషి ఒప్పుకున్నాడు. ఎస్సై ఫోను స్పీకరులో పెట్టి చేతిమైకు దగ్గర పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా గుంట వైపు చూశాను. రొయ్యలు పైకి తేలి మీసాలు ఆడిస్తున్నాయి. ఇంకో పదిహేను రోజుల్లో పట్టాల్సిన పంట. ఒక్క మోటారు. ఒక్క నిమిషం. అంత దూరం ఏం వినపడుతుందిలే అనుకున్నానా? లేదు, అదీ అనుకోలేదు. నాకు రొయ్యలు కనపడ్డాయి, మనిషి కనపడలేదు. అందరూ షెడ్డు వైపు చూస్తుంటే నాలుగడుగులు వెనక్కి వేసి స్టార్టరు మీద పచ్చ బటను నొక్కేశాను.

మోటారు మోగింది. మైకులో "పెంచలయ్యా" అని మొదలైన యజమాని గొంతు ఆ మోతలో కలిసిపోయింది. లోపల మస్తాన్ అరుపు. కానిస్టేబుళ్లు తలుపు పగలగొట్టేసరికి జరగాల్సింది జరిగిపోయింది. కత్తి మస్తాన్ కుడి మణికట్టు మీద పడి నరాలు తెగాయి. ప్రాణం దక్కింది గానీ ఆ చెయ్యి మళ్లీ స్పానరు పట్టలేదు. పెంచలయ్య జైలుకు పోయాడు. దొంగ కాదన్న ఆ మాట ఈ రోజుకూ ఎవరూ అనలేదు.

ఎస్సై చెమటలు కక్కుతూ నా గట్టు మీదికి వచ్చాడు.

"మోటారు ఎవరమ్మా వేసింది?"

"ఎవురూ వేయలేదు సార్. ఈ ఒక్క మోటారు లైనులో కరెంటు పోయి వచ్చినట్టుండాది. ఆటో బిగించినాం గదా, దానంతటదే తిరిగింది."

కరెంటు వచ్చినప్పుడల్లా గట్టుకు పరుగెత్తలేక మా దగ్గర అందరూ స్టార్టర్లకు ఆటో అనే పరికరం పెట్టించుకుంటారు. అందుకే ఆయన నమ్మాడు. ఊరూ నమ్మింది. నా మిగతా మూడు స్టార్టర్లకూ ఆటో ఉంది. ఆ ఒక్కదానికే లేదు. ఆయన స్టార్టరు పెట్టె తెరవలేదు, నేను తెరిచి చూపించలేదు.

లైన్‌మన్‌ను పిలిచి కరెంటే తీయించి ఉండాల్సిందని తప్పంతా ఎస్సై నెత్తిన పడింది. వేరే చోటికి మార్చేశారు. టీకొట్టు దగ్గర ఇప్పటికీ ఆ రచ్చే. రాగానే తలుపు బద్దలు కొట్టాల్సిందని ఒకరు, ఓపిగ్గా మాట్లాడటమే సరైనదని ఇంకొకరు. మధ్యలో నేను. పోలీసులు ముందు జనాన్ని లాఠీలతో తరిమేసి ఉంటే ఈ గోలే లేదని అందరికంటే గట్టిగా అరుస్తాను. నిజమే కదా, తరమాల్సింది. నన్నే తరమాల్సింది. ఒకసారి అక్కడే మస్తాన్ అన్నాడు, ఆ సార్ చివరిదాకా మాట మీదే నిలబడ్డాడని, ఆటో రూపంలో తన ఖర్మ కాలిందని. ఆ పూట టీ సగంలో వదిలేసి వచ్చేశాను.

మస్తాన్ ఎడమ చేత్తో పని నేర్చుకున్నాడు. నెమ్మదిగానైనా నిక్కచ్చిగా చేస్తాడు. ఈ ఏడేళ్లూ ఆ పెట్టెను మాత్రం అతని చేత ముట్టనివ్వలేదు, అల్లూరు మెకానిక్‌నే పిలిచాను. ఈ పొద్దున ఆ స్టార్టరే మొరాయించింది. మిగతా మూడూ తిరుగుతున్నా చాలడం లేదు. అల్లూరాయన ఫోనెత్తడు. పైన మబ్బు. మస్తాన్‌కు ఫోను చేశాను. చూశారా నా బుద్ధి? మళ్లీ రొయ్యల కోసమే.

ఆటో బిగించాలంటే పెట్టె పక్కన రంధ్రం చేసి వైరు తీయాలి. ఈ పెట్టెకు ఆ రంధ్రమే లేదు. మూత తీయగానే మస్తాన్‌కు తెలిసిపోతుంది. రంధ్రం చేసేస్తే, ఆటో ఉండేది, పాడైతే తీసేశామని చెప్పొచ్చు. ఇంట్లో డ్రిల్లు ఉంది. తెచ్చాను కూడా. పెట్టెకు ఆనించాను. ఎంతసేపు, అర నిమిషం పని. ఆనించి అలాగే నిలబడిపోయాను. తర్వాత దాన్ని తీసుకెళ్లి ఇంట్లో పడేసి వచ్చి, ఈ మేత లెక్కల పుస్తకంలో మీకు రాస్తున్నాను.

మోటారు వేసింది నేనే. ఆటో కాదు, కరెంటు కాదు, ఎస్సై కాదు. రాశాక ఎందుకో ఊపిరి నిండుగా ఆడుతోంది. మస్తాన్ క్షమిస్తాడని కాదు. క్షమించమని అడగను కూడా.

బండి చప్పుడు వినపడుతోంది. గట్టు మలుపు తిరిగాడు. రొయ్యలు పైకి తేలుతున్నాయి. విన్నాక వెనక్కి తిరిగి వెళ్లిపోతే వెళ్లిపోతాడు. అయినా సరే, ముందు మాట చెప్పి, ఆ తర్వాతే మోటారు చూడమంటాను.