బోర్లా పడుకున్న మనిషి

బందరు బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం ఒకటీ పది. రెండువేల మూడు, మే నెల. ఎండ నిప్పులు చెరుగుతోంది. దానికి తోడు సముద్రం మీది జిడ్డుగాలి. నా సరంజామా ఒక ట్రంకుపెట్టె, ఒక దుప్పటి, సైన్యంలో ఉండగా కొనుక్కున్న చేతిగడియారం. మిలటరీ వైద్యదళంలో ఇరవై రెండేళ్లు పనిచేసి హవల్దారుగా బయటికొచ్చి అప్పటికి పద్నాలుగు నెలలు. మొవ్వలో వరిచేను చూసుకుంటున్నాను. చేనే నన్ను చూసుకుంటోందని మా ఆవిడ అనేది.

ఈసారి డ్యూటీకి పిలిచింది సైన్యం కాదు, బందరులో ఒక ఆసుపత్రి. మంచుకొండల మీద ఊపిరాడని జవాన్లకు సేవ చేసిన మనిషి కావాలన్నారు. వెతగ్గా వెతగ్గా నేను దొరికానట. మా ఊళ్ళో ఇప్పటికీ కుర్చీ వేసి మరీ యుద్ధం కథ చెప్పమంటారు. తుపాకుల కథలు నా దగ్గర పెద్దగా లేవు. చెప్పాల్సిందల్లా ఈ పదకొండు రోజుల గురించే.

ఆవరణ చివర, ప్రహరీగోడకు ఆనుకుని పాత క్షయ వార్డు. పెంకుల కప్పు, ఒకటే గది, ఒకటే తలుపు. ఉత్తరం వైపు అద్దాల కిటికీ, ఎప్పుడూ మూసే ఉంటుంది. కిటికీకి నాలుగు గజాల దూరంలో తాడు కట్టారు. దాన్ని దాటి ఎవరూ రాకూడదు. లోపల ఒక మంచం, ఒక రోగి.

రోగి పేరు వీర్రాజు. ముప్పై నాలుగేళ్లు. గిలకలదిండిలో చేపల బోట్ల మీద పెరిగి, సరుకు ఓడలో పనికి కుదిరాడు. సింగపూరులో ఓడ దిగి ఇంటికొచ్చాడు. నాలుగో రోజు జ్వరం. ఏడో రోజు ఆయాసం. సింగపూరు పేరు చెబితే జనం పక్కకి తప్పుకునే రోజులవి. ఆ జబ్బుని సార్స్ అనేవారు. కరోనా వైరస్ వల్ల వస్తుందని పేపర్లో రాశారు. ఆ మాట మాకప్పుడు కొత్త. గొంతులో తెమడ తీసి పరీక్షకి పుణే పంపారు. జవాబు వచ్చేదాకా అదేననుకుని పోరాడాలి. ఊపిరి పోసే మిషను మా దగ్గర లేదు. ఉన్నచోట చేర్చుకోమని విజయవాడలో రెండు చోట్ల అడిగారు. రెండు చోట్లా మంచాలు ఖాళీ లేవన్నారు.

మా దళం ముగ్గురం. డాక్టరుగారు మత్తుమందు డాక్టరు, పొదుపుగా మాట్లాడే మనిషి. సిస్టరుగారిది దివిసీమ. ఎక్కడికి వస్తోందో బాగా తెలిసే వచ్చింది. మూడోవాణ్ణి నేను. ఆక్సిజన్ సిలిండర్లు తెచ్చే వ్యాను డ్రైవరుది గుడివాడ, అతన్నీ కలుపుకుంటే నలుగురం. నేనూ సిస్టరూ ఆరేసి గంటల చొప్పున లోపల ఉండేవాళ్ళం. డాక్టరుగారు పిలిచినప్పుడల్లా వచ్చేవారు. ఆయన లోపల పనిచేస్తున్నంతసేపూ కిటికీకి తెర వేసేవాళ్ళం. రావలసిన గౌన్లు రాలేదు. వానకోట్లు తొడుక్కున్నాం. మే నెలలో వానకోటు. రెండు గంటలయ్యేసరికి గమ్ బూట్లలో చెమట చేరి అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడయ్యేది. లోపలికీ బయటికీ మాట్లాడుకోవడానికి రెండు వైర్‌లెస్ సెట్లు ఇచ్చారు.

నేను వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం రెండింటికి, వేలికి తగిలించిన ఆక్సిజన్ మీటరు ఎనభై రెండు చూపించింది. తొంభైకి తగ్గకూడదు. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఎంత పెంచినా అంకె కదల్లేదు. డాక్టరుగారు అతన్ని బోర్లా పడుకోబెడదామన్నారు. అలా చేస్తే వీపు వైపున్న ఊపిరితిత్తులు తెరుచుకుంటాయట. ముగ్గురం కలిసి తిప్పాం. ఛాతీ కింద ఒక తలగడ, నడుం కింద ఒకటి, ముఖం పక్కకి. అరగంటలో మీటరు తొంభై ఒకటికి వచ్చింది. సిస్టరుగారు నవ్వడం మాస్కు పైనుంచి కూడా తెలిసింది. డాక్టరుగారు తెర తీసి బయటికి వెళ్ళిపోయారు.

అక్కడే తప్పు చేశాం. బయట తాడు దగ్గర అతని భార్య నాంచారమ్మ ఉంది. ఆమెకు ఒక్కముక్క చెప్పాలని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

గిలకలదిండిలో సముద్రంలో పడిపోయినవాణ్ణి ఒడ్డుకు తెస్తే ఇసుక మీద బోర్లా పడుకోబెడతారు. పెద్దవాళ్ళు వీపు నొక్కి నీళ్ళు కక్కిస్తారు. చాలాసార్లు నీళ్ళు వస్తాయి, మనిషి లేవడు. మగాణ్ణి అలా పడుకోబెట్టగా చూశారంటే ఆ ఊరి ఆడవాళ్ళకి మరో అర్థం లేదు. తెర తీయగానే ఆమెకు కనిపించింది భర్త వీపు. ఆమె పెట్టిన కేక అద్దాల్లోంచి కూడా నాకు వినిపించింది. భర్త బాధ చూసి భయపడిందనుకుని పట్టించుకోలేదు, మూర్ఖుణ్ణి. కబురు రేవుకి చేరింది. చేపల వేలంపాట ఆగిపోయింది. శవాన్ని దాచిపెట్టారంటూ ఊరు ఊరంతా వచ్చి ఆసుపత్రి గేటు మీద పడింది.

నాకు ఇదేమీ తెలియదు. నా కళ్ళు సిలిండరు మీదున్నాయి. గదిలో అదొక్కటే మిగిలింది. ముల్లు ఎర్రగీత మీదికి వచ్చేసింది. మూడూ ముప్పై రెండుకి సెట్ నొక్కి బయట ఉన్న డాక్టరుగారిని పిలిచాను.

"ఇంకో ఇరవై నిమిషాలు వస్తుంది సార్. వ్యాను ఎక్కడ?"

"గేటు దగ్గరే ఉంది. జనం కదలనివ్వడం లేదు."

"ఎందుకట?"

"అతను పోయాడనుకుంటున్నారు, హవల్దారుగారూ. నేను చెబితే నమ్మడం లేదు."

కిటికీలోంచి చూస్తే కొందరు గేటు దాటి వచ్చేశారు, తాడు ఎప్పుడో తెగిపోయింది. ముందు నిలబడ్డ తెల్లమీసాల మనిషి వీర్రాజు మేనమామ. బోటు నడిపే సరంగు. ఆయన మాటంటే ఆ రేవులో అందరికీ గురి. నేను తలుపు తీసి వెళ్ళలేను. నా ఒంటినిండా ఆ జబ్బే. వీర్రాజు మాస్కు తీసి మాట్లాడించలేను. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అతని చెవిలో చెప్పాను.

"వీర్రాజూ, బయట మీవాళ్ళు నువ్వు లేవనుకుంటున్నారు. చెయ్యి కదపగలవా?"

కళ్ళు తెరవలేదు. కాసేపటికి అతని కుడిచెయ్యి మంచం అంచు దాటి గాల్లోకి వచ్చింది. అరచెయ్యి కిందికి తిప్పి, రెండుసార్లు మెల్లిగా గాలిని అదిమాడు. దాహమంటున్నాడనుకున్నాను. బయట సరంగు చేతులు రెండూ పైకెత్తి జనం వైపు తిరిగాడు. బోటు మీద ఇంజను మోతలో మాట వినపడదు గనక అన్నీ చేతులతోనే చెప్పుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

"ఆడు బతికే ఉన్నాడు. ఇంజను తగ్గించమంటన్నాడు. దారియ్యండెహె."

వ్యాను లోపలికొచ్చింది. గుడివాడ డ్రైవరు, మాస్కు లేదు ఏమీ లేదు, సిలిండరు దొర్లించుకుంటూ తలుపు దాకా తెచ్చాడు. మార్చేసరికి మూడూ యాభై ఒకటి. పాత సిలిండరు ముల్లు అడుగున పడుకుని ఉంది.

ఆ సాయంత్రం స్నానం చేసి బట్టలు మార్చుకుని నాంచారమ్మ దగ్గరికి వెళ్ళాను. ముప్పై దాటని మనిషి. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. జరిగింది వివరంగా చెప్పాను. అంతా విని, "బోర్లా ఉంటే బతికున్నట్టేనా అన్నయ్యా?" అని అడిగింది.

"అంతేనమ్మా" అన్నాను. ఎక్కువ చెబితే ఇంకా భయపడుతుందని ఒక్కమాటలో తేల్చేశాను.

ఆ రోజు నుంచి ఆమె పొద్దున్నే, మళ్ళీ కట్టిన తాడు దగ్గరికి వచ్చి నిలబడేది. భర్త వీపు కనిపించాకే టిఫిను డబ్బా మూత తీసేది. కనిపించకపోతే పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. తెర వేసి ఉంటే డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

ఏడో రోజు మీటరు తొంభై నాలుగు చూపించింది. వీర్రాజు మాస్కులోంచే పులుసు కావాలన్నాడు. గట్టెక్కాడనుకున్నాం. డాక్టరుగారు మొదటిసారి పనితో సంబంధం లేని మాట ఒకటి మాట్లాడారు. తొమ్మిదో రోజు మళ్ళీ జ్వరం. పదో రోజు గోళ్ళు నీలమెక్కాయి. పదకొండో రోజు పొద్దున ఆరూ ఇరవైకి అంకె డెబ్బై దాటి కిందికి దిగింది. తెర వేశాం. వెల్లకిలా తిప్పాం. డాక్టరుగారు గొంతులోకి గొట్టం దించారు. నేనూ సిస్టరూ వంతులవారీగా చేత్తో సంచీ నొక్కుతూ ఊపిరి పోశాం. నలభై నిమిషాలకు గుండె ఆగింది. మరో పది నిమిషాలు ఛాతీ నొక్కాం. ఏడూ పదికి డాక్టరుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

పుణే నుంచి జవాబు మూడు రోజుల తర్వాత వచ్చింది. ఫలానా జబ్బని తేల్చి చెప్పలేమన్నారు.

బస్సులో మొవ్వ వచ్చాను. పది రోజులు పశువుల కొట్టంలో విడిగా ఉన్నాను. మా ఆవిడ గడప అవతల కంచం పెట్టి వెళ్ళేది. ఊళ్ళోవాళ్ళు వచ్చి దూరంగా నిలబడి ధైర్యవంతుడివయ్యా అన్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరికీ చెయ్యని పని ఆ పొద్దున చేశాను.

డాక్టరుగారు తనే స్వయంగా ఆమెకు చెబుతానన్నారు. స్నానం చేసి, బట్టలు మార్చుకుని రావాలంటే ఇరవై నిమిషాలు. ఆయన వెళ్ళాక తెర సందులోంచి చూశాను. నాంచారమ్మ ఒళ్ళో డబ్బా. మూత తీయలేదు. ముందురోజంతా తెర వేస్తూ తీస్తూనే ఉన్నాం, ఆమె ఏమీ తినలేదు. ఇక చావు కబురు చెవిన పడితే రెండు రోజులు ఆమె నోట మెతుకు పడనివ్వరు, పడదు కూడా. నేను గొట్టం తీసేసి, "సిస్టర్, ఒక చెయ్యి వెయ్యండి" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఇద్దరం కలిసి అతన్ని బోర్లా తిప్పాం. తలగడలు సర్దాం. దుప్పటి భుజాల దాకా కప్పి, తెర తీశాను.

తర్వాత ఆమె నన్నేమీ అడగలేదు. అడిగి, తిట్టి ఉంటే బాగుండేది. అది పుణ్యమో పాపమో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసిందల్లా కళ్ళకు కట్టినట్టు ఇది. అద్దం అవతల, పొద్దుటి ఎండలో, నాంచారమ్మ ఇడ్లీ తుంచుకుని తింటోంది. ఆకలిగా, త్వరత్వరగా, మధ్యమధ్యలో భర్త వీపు వైపు చూసుకుంటూ. మూడోది సగంలో ఆపి నా వైపు చూసింది. ఎడమచెయ్యి ఎత్తి, నువ్వు తిన్నావా అని సైగ చేసింది.

తిన్నానని తలూపాను.