తెర మీంచి ఎగిరిపోయిన సున్నా

అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నా కళ్ళకు విశ్రాంతి ఉండేది కాదు. నలభై దాటాక చదువొస్తే అంతే కాబోలు. బస్సు మీద పేరు, సబ్బు మీద రాత, టైడా స్టేషన్ బోర్డు, ఏది కనబడినా పైకి చదివేసేదాన్ని. (పక్కవాళ్ళు వినాలనుకుంటున్నారా లేదా అన్నది నేను పట్టించుకోలేదు.) మా ఆడవాళ్ళ సంఘంలో చదవగలిగేదాన్ని నేనొక్కదాన్నే. అందుకని అరకులో కాఫీ రుచి పోటీకి వెళ్ళినప్పుడు అందరూ నన్నే ముందు వరసలో కూర్చోబెట్టారు.

గెలిచిన ఊరికి కాఫీ పళ్ళ తొక్క ఒలిచే యంత్రం ఇస్తారు. మాకది ఎంత అవసరమో చెప్పలేను. కోసిన పళ్ళు ఆ రోజే ఒలవకపోతే పులిసిపోతాయి. కోతల కాలమంతా బస్తాలు నెత్తిన పెట్టుకుని కొండ దిగి, రోడ్డు పక్క ఊరివాళ్ళ యంత్రం ఖాళీ అయ్యేదాకా పడిగాపులు కాసేవాళ్ళం. పోటీలో చివరికి మిగిలింది మేమూ, అవతలి కొండవాళ్ళూ. మార్కులు తెర మీద చూపించే ప్రోగ్రాం రాసింది మా చెల్లెలి కూతురే. విశాఖపట్నంలో చదివొచ్చిన ఆ పిల్లని ఊరంతా కంప్యూటర్ గుంట అంటాం. (మార్కులు వేసే పని మాత్రం దానికివ్వలేదు.)

ఫలితం ప్రకటించాల్సిన పెద్దమనిషి వేదిక ఎక్కకముందే తెర వెలిగింది. మా వదిన నా మోచేయి పొడిచి, "ఏటి రాసుందే? బేగి సదువు" అంది.

లేచి నిలబడి, అందరికీ వినబడేలా చదివాను. మాది ఎనభై నాలుగు చుక్క అయిదు. వాళ్ళది ఎనభై నాలుగు చుక్క ముప్పై అయిదు.

అయిదెక్కడ, ముప్పై అయిదెక్కడ. అవతలి కొండవాళ్ళు నా చదువు మీద అపారమైన నమ్మకంతో డప్పు అందుకున్నారు. థింసా ఆట మొదలైంది. వాళ్ళ నాయకురాలు మా వదిన చేయి పట్టుకుని, "ఏడవకొదినా, మా మిసనుకాడికి మీరూ రండి. లైన్లో నిలబడుదురుగాని" అంది. అది ఓదార్పో దెప్పో తెలియలేదు. మా వదిన మింగలేక కక్కలేక ఆమె నడుం చుట్టూ చేయి వేసి వరసలో కలిసింది. (థింసా మొదలయ్యాక కూర్చునే అలవాటు మాకు లేదు, ఓడినా సరే.)

అంతలో కంప్యూటర్ గుంట పరుగెత్తుకొచ్చింది. "ఏటి సేత్తన్నారు పెద్దమ్మా? గెలిసింది మనం."

"ముప్పై అయిదు కంటే అయిదు ఎప్పుడు పెద్దదైందే?"

"మనది సుక్క యాభై. సివర సున్నాకి ఇలువ లేదని కంప్యూటర్ దానంతటదే తీసేసింది. రెండంకెలూ సూపించమని నేనే దానికి సెప్పాలి. మరిసిపోనాను."

మా వదిన ఆట ఆపకుండానే, "ఎవర్నడిగి తీసిందే? వందనోటు మీద సున్నాలు తీసేత్తే ఊరుకుంటావేటి?" అంది.

"ఆ సున్నాలు వేరత్తా" అంటూ అది ల్యాప్‌టాప్ దగ్గరకు పోయి ఏదో చిన్న ముక్క మార్చింది. తెర ఆరి, మళ్ళీ వెలిగింది. 84.50. కింద 84.35. ఈసారి కంప్యూటర్ గుంటే పైకి చదివింది. డప్పు ఆగిపోయింది. మా వదిన మాత్రం ఆ నాయకురాలి నడుం మీంచి చేయి తీయకుండా, "ఏడవకొదినా, మా మిసనుకాడికి మీరూ రండి" అంది. ఆమె పకపకా నవ్వేసింది. యంత్రం మాదైంది, డప్పు వాళ్ళదే మోగింది.

ఇప్పుడు మా పళ్ళు మా ఊళ్ళోనే ఒలుస్తున్నాం. చుక్క తర్వాత ఏ అంకె విలువెంతో నాకు బాగా తెలుసు. ఏదైనా చదవాల్సి వస్తే కళ్ళద్దాలు సవరించుకుని, ముందు మనసులో చదువుకుని, సరేననుకున్నాకే నోరు తెరుస్తాను. నాలుగక్షరాలు పట్టుకుని అంత జనంలో లేచి నిలబడి, గెలిచిన తన ఊరినే ఓడించేసిన ఆ మనిషి అప్పుడప్పుడూ గుర్తొస్తుంది. ఎంత ధైర్యం దానికి.