బంగళా బడి గోడ

మొన్న ఆదివారం సాయంత్రం మా చెల్లెలి మనవరాలు ఇంగ్లండు నుంచి వీడియో కాల్ చేసి, తను చదువుకునే చోటికి దగ్గర్లో ఒక చిన్న పల్లెటూరు చూడటానికి వచ్చానంటూ, నడుస్తూనే అన్నీ చూపించింది. ముప్పై ఇళ్ళకు మించని ఊరు, ఎప్పటివో రాతి ఇళ్ళు, వాటిల్లో ఇప్పటికీ కాపురాలు, ఊరి చివర పాత చర్చి. ఆ చర్చి గోడ మీద సన్నని పగులుకు అడ్డంగా గీతలున్న చిన్న పలక ఒకటి బిగించి ఉంది. గోడ కదులుతోందేమో అని నెలనెలా చూసుకుంటారట. ఆ తరువాత ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు ఎక్కలేదు. నరసరావుపేటలో మా వరండాలో కూర్చున్న నాకు ఎప్పటిదో ఒక బడి గోడ కళ్ళ ముందుకొచ్చింది.

నా మొదటి ఉద్యోగం గురజాల అవతల ఒక చిన్న ఊళ్ళో. ఆ ఊరికి ఒక చివర కోటగుమ్మం, నడుమ మసీదు, దాని పక్కన బాటసారులు దిగేందుకు ఎవరో నవాబుల కాలంలో కట్టించిన రాతి ముసాఫిర్‌ఖానా, రెండో చివర దొరల నాటి బంగళా ఉండేవి. ఆ బంగళాలోనే బడి. రెండే గదులు, ఎత్తయిన కప్పు, మండువేసవిలో కూడా చల్లగా ఉండే మందపాటి గోడలు. ఆ రోజుల్లో అలాంటి బళ్ళలో చదివినవాళ్ళూ, చెప్పినవాళ్ళూ మీలో చాలామందే ఉంటారు, ఆ సున్నపు వాసన నేను వేరే చెప్పనక్కర్లేదు. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. నేను తప్ప ఉన్నది పెద్దమేష్టారు ఒక్కరే. ఆయనది ఆ ఊరే, నాకిచ్చిన గదిలోనే అక్షరాలు దిద్దినవారు, రిటైరు కావడానికి రెండేళ్ళుంది.

వానలు మొదలైన నెలలో, నా గది కిటికీ మీదుగా కప్పు దాకా పోయిన బీట ఒకటి నా కంట పడింది. మధ్యాహ్నం పూట అవతల క్వారీలో తూటాలు పేల్చినప్పుడల్లా దానిలోంచి పొడి రాలేది. పెద్దమేష్టారితో చెబితే, తన చిన్నప్పటి నుంచీ ఉన్నదే అన్నారు. నాకు మనసొప్పక, మసీదు వెనక ఉండే తాపీ పనివాణ్ణి, నేను బాబాయి అని పిలిచే ముసలాయన్ని తీసుకొచ్చి చూపించాను. ఆయన బీట మీద రెండు వైపులా సున్నం మెత్తి, అడ్డంగా సన్నని గాజుముక్క అతికించాడు.

"ఇది పగిలిందనుకో, గోడ నడుస్తున్నట్టు. అప్పుడు ఒక్కరు గూడా లోపల ఉండబాకండి."

ఇక నా బతుకంతా ఆ గాజుముక్కే అయింది. పొద్దున తాళం తీయగానే ముందు దాన్ని చూడటం, పాఠం చెబుతూ చెబుతూ దాన్ని చూడటం, ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా దాన్నే తలుచుకోవడం. వారం పది రోజుల తరువాత, ముసురు పట్టిన ఒక ఉదయం, అది నిలువునా రెండుగా విరిగి కనిపించింది. పెద్దమేష్టారు ఆ పూట మీటింగుకని గురజాల వెళ్ళారు. అడగడానికి ఎవరూ లేరు. నలభై మంది పిల్లల్ని పలకలతో సహా వానలోనే నడిపించుకుపోయాను. బాబాయి మసీదు పెద్దలతో మాట్లాడి ముసాఫిర్‌ఖానా తెరిపించాడు.

సాయంత్రం వచ్చిన పెద్దమేష్టారి ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు.

"ఏందమ్మాయ్ ఇది? ఎవర్నడిగి తీసుకొచ్చావు?"

"గాజు పగిలిందండీ."

"గాజు పగిలితే బడి మూస్తామా? నేను మాత్రం రేపు ఆ గదిలోనే కూర్చుంటా."

అన్నట్టే కూర్చున్నారు, ఒక్కరే, కుర్చీ వేసుకుని, ఖాళీ గదిలో. రోజులు గడిచాయి, గోడ పడలేదు. ఊళ్ళో నవ్వుకోవడం మొదలైంది, టీచరమ్మ గాజుముక్కకు భయపడిందని. పై ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంటుంది గాని, ఆ గోడ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసిన క్షణాలున్నాయి, వెంటనే దాని కింద కూర్చున్న మనిషి గుర్తొచ్చి నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ప్రతి గంటకూ ఎవరో ఒక పిల్లవాణ్ణి పంపి, మేష్టారికి మంచినీళ్ళు కావాలేమో దూరం నుంచే కేకేసి అడిగి రమ్మనేదాన్ని. నీళ్ళ కోసం కాదని ఆయనకూ తెలుసు.

ఆయన అలా కూర్చోవడం మొదలుపెట్టిన పన్నెండో రోజు మధ్యాహ్నం తూటాలు పేలిన కాసేపటికి, ఆయనే కుర్చీ మోసుకుంటూ ముసాఫిర్‌ఖానాకు వచ్చి, ఓ మూల వేసుకుని, మూడో తరగతికి ఎక్కాలు చెప్పడం మొదలుపెట్టారు. తల నిండా తెల్లటి పొడి. నేను చూడనట్టే ఉండిపోయాను. ఆ తరువాతి ఆదివారం, బడిలో ఎవరూ లేని వేళ, నా గది మొత్తం కూలిపోయింది.

ఊరంతా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. తల్లులు ఏడ్చారు. పెద్దమేష్టారు మాత్రం ఆ రాళ్ళ దగ్గరే చానాసేపు నిలబడి, "నేను అఆలు దిద్దిన గదమ్మా ఇది" అన్నారు. పక్కనే ఉన్న బాబాయి నెమ్మదిగా చెప్పాడు, గాజు పగిలిన రోజే రెండు దూలాలు గోడకు ఊతంగా పోటు పెట్టి, గానుగలో నూరిన సున్నంతో బీట కూరి ఉంటే గోడ నిలిచేదని. అప్పుడే ఎందుకు చెప్పలేదు బాబాయ్ అంటే, "ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇన్నేళ్ళూ వదల్లేదు. ఇద్దరూ ఎప్పుడో పోయారు. మిగిలిన గదిని కూడా పడగొట్టి రాళ్ళు తలా ఇన్ని పట్టుకుపోయారు. మసీదును కొత్తగా కట్టుకున్నప్పుడు ముసాఫిర్‌ఖానా తీసేశారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కోటగుమ్మం పోయింది. ఇప్పుడు ఆ ఊరు ఏ ఊరిలాగైనా ఉంటుంది. ఆ నలభై మందికీ ఇవాళ మనవలున్నారు, అది చాలునని నాకు నేను చెప్పుకుంటాను. కానీ పిల్లల్ని బయటికి తేవాలన్న కంగారులో, ఆ పన్నెండు రోజుల్లో ఒక్కసారైనా, గోడను నిలబెట్టే దారేమైనా ఉందా అని అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు తోచినా, గానుగ సున్నం తెలిసిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు.