కోడె కక్కించిన నిజం

పోయిన ఏడాది బండి జారి నా మోకాలు విరిగింది. మూడు నెలలు మంచంలో ఉండి పన్నెండు కిలోలు పెరిగాను. "రోజూ వందసార్లు కాలు లేపాలి, బరువు తగ్గాలి. లేకపోతే మళ్లీ విరుగుతుంది" అన్నాడు డాక్టరు. నేను సకినాలు నములుతూ, వంద పూర్తయ్యాయని నా భార్య సరోజకు చెప్పేవాణ్ణి. పాపం, నమ్మేది.

నాకు నయమైతే వేములవాడ గుడి చుట్టూ నాతో కోడెను తిప్పిస్తానని ఆమె మొక్కుకుంది. నేను చేతికర్ర వదలగానే అక్కడికి తీసుకెళ్లి, కోడె తాడు చేతికిచ్చింది. జారకుండా మణికట్టుకు చుట్టుకున్నాను. గుడి చుట్టూ సగం తిరిగామో లేదో, కోడె పరుగందుకుంది. అది కోడె కాదు, కొమ్ములున్న రైలింజను! తాడు ఊడదు, కాలు సాగదు. పడితే మోకాలు మళ్లీ ముక్కలే. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"జర ఉరుకయ్యా! దినాం వందసార్లు లేపే కాలే గదా!" వెనక నుంచి సరోజ.

"అబద్ధమే! ఒక్కనాడు గూడ లేపలే! దీన్ని ఆపవే తల్లీ!" అని అరిచాను.

భక్తులందరూ నవ్వారు. సరోజ మాత్రం ఉరికొచ్చి, తాడు పట్టి కోడెను ఆపింది.

"నన్నంటే మోసం జేస్తివి. నీ కాలును గూడ మోసం జేస్తివా?" అంది.

మిగతా చుట్టు ఆమె భుజం పట్టుకునే నడిచాను. కోడె పెట్టిన భయం ఆ రోజే పోయింది కానీ, ఆ మాట పెట్టిన భయం ఇంకా పోలేదు.