వెంకాయమ్మ మీటరు

వెంకాయమ్మ కొట్టు తెల్లవారుజామున నాలుగింటికే తెరుచుకునేది. సత్తెనపల్లి పక్కన ఆ ఊళ్లో అంత పెందలాడే తలుపు తీసే కొట్టు మరొకటి లేదు. మిరపకోతలకు వెళ్లే కూలీల ఆటోలన్నీ అక్కడే ఆగేవి. ఆకూ వక్కా, టీ పొడి, మంట పుట్టకుండా చేతులకు రాసుకునే కొబ్బరినూనె, ఏది కావాలన్నా ఆమె దగ్గరే. పావుకిలో పంచదార తూచాక చిటికెడు కొసరు వెయ్యందే ఆమెకు చెయ్యి ఊరుకునేది కాదు. మొగుడు పోయాక ఇరవయ్యేళ్లు ఆ కొట్టుతోనే బతికింది. పిల్లల్లేరు. చెల్లెలు కోటేశ్వరి కొడుకు బాబ్జీని చంకనేసుకుని పెంచింది, బేరం చెయ్యడం నేర్పింది.

ఆ బాబ్జీ మూడేళ్ల క్రితం వచ్చి, పెద్దమ్మ కొట్టు పక్కన ఖాళీగా ఉన్న వీధిగదిలో మార్ట్ పెట్టుకుంటానన్నాడు. ఇంకొకరైతే నా కొట్టు పక్కనే నీకు కొట్టేంట్రా అని చీపురు తిరగేసి ఉందురు. ఈ పిచ్చిమాలోకం సరేనంది. అద్దె కూడా వద్దంది. వాడు రెండు పెద్ద ఫ్రిజ్‌లు దించాడు, ఐస్‌క్రీము పెట్టె దించాడు, ఏసీ బిగించాడు. కరెంటు ఆవిడ మీటరు నుంచే లాగాడు. బిల్లు నేనే ఫోన్లో కట్టేస్తాలే, నీకెందుకా తలనొప్పి అన్నాడు. ఎంత బాధ్యత తెలిసిన పిల్లాడో అని ఆవిడ వీధంతా చెప్పుకుని మురిసింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ తర్వాత మిర్చి ధర పడిపోయింది. కోత కూలి కూడా గిట్టదని కొందరు రైతులు కాయను చేల్లోనే వదిలేశారు. ఆటోలు తగ్గాయి. ఊళ్లో ఆడే నాలుగు రూపాయలూ ఏసీ ఉన్న చోటికే పోయాయి. పోయిన కార్తీకంలో వెంకాయమ్మ తన కొట్టు మూసేసింది. ఏడవలేదు. బాగుపడింది మనవాడేగా అనుకుంది. రేషన్ బియ్యం ఉన్నాయి, నెలకు నాలుగు వేల వితంతు పింఛను ఉంది. బీపీ బిళ్లలూ కూరా నారా వెళ్లిపోతాయిలే అనుకుంది.

మే ఒకటో తారీఖున సచివాలయంలో పనిచేసే అఖిల పింఛన్లు పంచుతూ వచ్చి, ఆవిడ గుమ్మం దాటుకుని పక్కింటికి వెళ్లిపోయింది. వెంకాయమ్మ వెనకాలే పరుగెత్తి, నన్ను మరిచిపోయావేమే తల్లీ అని నవ్వుతూ అడిగింది. అఖిల తల దించుకుని విషయం చెప్పింది. నెలకు సగటున మూడొందల యూనిట్లు దాటి కరెంటు కాలిస్తే పింఛను రాదట. ఈమధ్య మళ్లీ తనిఖీ చేస్తే, ఈవిడ పేరు మీదున్న మీటరు ఏడాది సగటు ఏడొందలని తేలిందట. ఆ సగటు దిగిందాకా ఎవరూ ఏమీ చెయ్యలేరట.

"రెండు నెలల కిందటే నోటీసిచ్చామండీ. మీరు ఇంట్లో లేకపోతే బాబ్జీ గారు సంతకం పెట్టి తీసుకున్నారు" అంది.

వెంకాయమ్మ తిన్నగా మార్ట్‌లోకి వెళ్లింది. బాబ్జీ కూల్‌డ్రింకు సీసాలు సర్దుకుంటున్నాడు. నోటీసు మాట అడిగింది. వాడు, కొట్టు మీటరు వేరే పెట్టించుకుంటే యూనిట్ రేటు ఎక్కువనీ, ఎండాకాలం బేరం అయ్యాక చూద్దామనీ గొణిగాడు. ఆవిడ అప్పటికీ వాణ్ణి వెనకేసుకొచ్చింది. తెలియక చేసుంటావులేరా, ఈ రూలు సంగతి నీకు మాత్రం ముందు ఎట్టా తెలుస్తుంది అంది.

ఆ మాటకు సరేనని ఊరుకుంటే పోయేది. వాడు నిజం చెప్పాడు.

"తెలుసు పెద్దమ్మా. మొదట మా వీధరుగు మీదే పెడదామనుకున్నా. ఆ మీటరు అమ్మ పేరునుంది. తన పింఛను పోద్దని అమ్మే వద్దంది."

అంటే తోడబుట్టిన చెల్లెలూ, చేతుల మీద పెరిగిన పిల్లాడూ ఒకచోట కూర్చుని, ఎవరి నోటికాడ కూడు తియ్యాలో ముందే తేల్చుకున్నారన్నమాట! తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే.

"మరి నాది పోతే?" అని అడిగింది.

"నీకు కొట్టుంది గదా అనుకున్నాం."

కొట్టు! ఆ మాట వాడు కొట్టు మూయించిన చోట నిలబడి అన్నాడు. వెంకాయమ్మకు కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. ఏడుస్తూనే వరండాలోకి వెళ్లి, మెయిను స్విచ్ కట్టేసి, ఫ్యూజు ఊడబీకి కొంగున ముడేసుకుంది. ఫ్రిజ్‌లు ఆగిపోయాయి. ఐస్‌క్రీములన్నీ కరిగిపోతాయి పెద్దమ్మా అంటూ బాబ్జీ వెంటబడ్డాడు.

"నీ మీటరు నువ్వు తెచ్చుకునేదాకా ఇంతే. పోయి మీ అమ్మతో చెప్పు" అంది.

లోపల ఆవిడ గదిలో ఫ్యాను కూడా ఆగిపోయింది. ఆ ఉడుకులోనే గోడకు చేరగిలబడి కూర్చుంది.