చేదబావి కోసం సుంకప్ప వేసిన ప్రశ్న

సుంకప్ప పోయినేడు, అరవై మూడులో, శ్రీరంగప్ప శనక్కాయ చేనిలో కలుపు తీస్తూ కూలబడి చచ్చిపోయాడు. ఆయన మన మొదటి శాసనసభలో సభ్యుడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వండి నాయనా, మీ సొమ్మేం పోయింది!

బెళుగుప్ప పక్క మా ఊరున్న నియోజకవర్గానికి మొదటి ఎన్నికల్లో జోడు సీటు, అంటే ఇద్దరు సభ్యులు, వచ్చింది. రెండోది హరిజనులకు రిజర్వు సీటు. మొదటిదానికి నిలబడిన భూస్వామి శ్రీరంగప్ప, రెండోదానికి తన కూలి సుంకప్పను నిలబెట్టాడు. నోరెత్తడని ధైర్యం. ఇద్దరూ గెలిచారు. "ఎత్తమన్నప్పుడు చెయ్యెత్తు, అంతే" అని చెప్పి మద్రాసుకు తీసుకుపోయాడు. బడిపంతులును గనక కాగితాలు చదివిపెట్టే పని నాకు పడింది.

ఏడాది పాటు చెప్పినట్టే చెయ్యెత్తాడు. 1953 ఎండల్లో అతని ఒక్కగానొక్క కూతురు కదిరమ్మ కాలికి నారికురుపు లేచింది. వాళ్ల పేటకు దిగుడుబావి ఒక్కటే గతి. పుండున్నవాళ్లూ లేనివాళ్లూ అందులోనే దిగి ముంచుకోవాలి. ఆ నీళ్లు తాగినవాళ్లకు మరుసటేడు కాల్లోంచి పురుగు బయటికొస్తుంది. ఊరి చేదబావి దగ్గరికి వాళ్లను రానివ్వరు.

"అయివారా, మా పేటకొక చేదబావి కావల్ల. బిడ్డ ఇంగో కాలు గూడా పోతాది" అన్నాడు సుంకప్ప.

"సభలో ప్రశ్న వేద్దాం. నేను రాస్తా, నువ్వు సంతకం పెట్టు" అన్నాను.

నా తెలివి చూపించుకోవద్దూ! వకీలులాగా రెండు ముక్కలు చేశాను. ఒకటి, ఆ పేటలో నారికురుపు రోగులున్న మాట నిజమేనా? రెండు, నిజమైతే చేదబావి ఎప్పుడు తవ్విస్తారు? నా బుద్ధి గడ్డి తిని ఆ "నిజమైతే" పెట్టాను.

జవాబు రాకముందే ఆంధ్ర రాష్ట్రం వేరుపడింది. మద్రాసులో వేసిన ప్రశ్న మురిగిపోయిందని కాగితం వచ్చింది. సుంకప్ప భార్య తిప్పమ్మ విని, "నీళ్లు మురిగిపోతాయి గానీ ప్రశ్న మురిగిపోయేదేందప్పా?" అంది. కర్నూలు సభలో మళ్లీ అదే వేశాం. ఒక్క అక్షరం మార్చలేదు.

మరుసటి ఎండాకాలం కదిరమ్మకు రెండో కాలికీ లేచింది. పురుగును పుల్లకు చుట్టి రోజుకింత లాగుతుంటే మధ్యలో తెగింది. కాలు తొడదాకా వాచింది. దవడలు బిగుసుకుపోయాయి. నాలుగో రోజుకు పిల్ల పోయింది. పదమూడేళ్లు.

"నా బిడ్డ పాయ అయివారా. బావి వస్తే పేటలో తక్కిన పిల్లోళ్లన్నా బతుకుతారు" అన్నాడు సుంకప్ప. నేను ఏడ్చాను.

వానలు పడ్డాక ఒక అధికారి విచారణకు వచ్చాడు. నారికురుపు పైకి తేలేది ఎండల్లో. ఆయన వచ్చేసరికి అందరూ బాగానే నడుస్తున్నారు. మేం మొత్తుకున్నది వినకుండా, కంటికి కనిపించింది రాసుకుని జీపెక్కాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ప్రశ్న పిలిచే రోజుకు ఇద్దరం కర్నూలు పోయాం. నేను ప్రేక్షకుల్లో కూర్చున్నాను. మంత్రి లేచి చదివాడు: "ఒకటికి జవాబు, కాదండి. ప్రస్తుతం ఆ పేటలో రోగులెవరూ లేరు. రెండో ప్రశ్న ఉత్పన్నం కాదు."

సుంకప్ప లేచాడు. రెండున్నరేళ్లలో ఆయన గొంతు సభకు వినబడడం అదే మొదలు.

"నిజమే సామీ. రోగమొచ్చిన బిడ్డను పూడ్చిపెట్టినాము గదా. యాడనుంచి ఉంటారు?"

 అధ్యక్షస్థానం నుంచి మెత్తగానే మాట వచ్చింది: "సభ్యులు ప్రశ్న రూపంలో అడగాలి."

సుంకప్ప వెనక్కి తిరిగి, అంతమందిలో నన్ను వెతికి పట్టుకున్నాడు.

"చెప్పు అయివారా, ఎట్ల అడగల్ల?"