ఆపా పొయ్యి మీద పెట్టిన రాళ్లు

మెట్టుగూడ ఆపా పోయిందని మొన్న పొద్దున ఆమె మనవడు ఫోన్ చేసి చెప్పాడు. "అమ్మమ్మా, ఏమన్నయితే మీకు ఫస్ట్ చెప్పమన్నది మా నానీ" అన్నాడు. నిద్రలోనే పోయిందట. ఎనభై దాటిన మనిషికి అంతకన్నా ఏం కావాలని మా ఇంట్లో వాళ్లు అన్నారు. నేనూ తలూపాను. ఫోన్ పెట్టాక మాత్రం పట్టపగలే వెళ్లి వీధి తలుపు గడియ వేసొచ్చాను. నేను పుట్టు పిరికిదాన్ని. ఆమె ఉన్నన్నాళ్లూ నా భయంలో సగం ఆమే మోసిందని అప్పుడు తెలిసింది.

ఆపా అంటే అక్క. మాకు చుట్టరికమేమీ లేదు. పదహారేళ్లప్పుడు నేను రాంగోపాల్‌పేట్ నుంచి మెట్టుగూడకు కోడలిగా వచ్చేసరికి మా పక్క వాటాలో ఆమె ఉండేది. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్దది. ఇంట్లో ఉర్దూ, గల్లీలోకి వస్తే మాకన్నా చక్కని తెలుగు. భర్త లోకో షెడ్డులో ఫిట్టరు. రెండిళ్ల పెరళ్లకూ మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. ఆ గోడ దాటి వెళ్లొద్దని మా అత్తగారు నాకు గట్టిగా చెప్పింది. చెప్పిన వారంలోనే ఆ గోడ మీద నుంచి తనే పచ్చిమిరపకాయలు అడిగి తీసుకుంది.

ఆపా ఇంట్లో ఒక గాజు తొట్టి ఉండేది. రైల్వేలో పనిచేసిన తెల్లదొర ఒకాయన తన దేశానికి వెళ్లిపోతూ దాన్ని, అందులో చేపలతో సహా, ఆమె భర్తకు ఇచ్చిపోయాడు. అప్పటికి ఆపాకు పిల్లలు లేరు. ప్రాణమంతా ఆ ఎర్రచేపల మీదే. తొట్టిలోకి కొత్త రాయి వేయాలంటే ఆమె చేసే హంగామా చూసి నేను నవ్వుకునేదాన్ని. పెళ్లికూతురికి కూడా అంత స్నానం చేయించరు.

కొబ్బరిపీచుతో సందుసందునా రుద్దేది. సబ్బు ముట్టనిచ్చేది కాదు. "మనం కడిగి పోతం చెల్లె, చేప అండ్లనే బతకాలె" అనేది. రాయి మీద నిమ్మకాయ పిండి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. బుసబుసమని నురగ వచ్చిందా, అందులో సున్నం ఉన్నట్టే, అది చేపలకు పడదు, పెరట్లోకి విసిరేసేది. మిగిలినవాటిని వేరే గంగాళంలో పెట్టి పైనుంచి వేడినీళ్లు పోసి, తర్వాత రోజూ నీళ్లు మారుస్తూ నానబెట్టేది. ఇంత తిప్పలెందుకు, గిన్నెలో వేసి ఉడికిస్తే పురుగూ పుట్రా చస్తుంది కదా అన్నాను ఒకసారి. ఆమె నా చెయ్యి పట్టి ఆపినంత పనిచేసింది.

"రాయి కడుపుల ఏమున్నదో మనకేమెరుక? సందుల తడి దాగుంటది. పొయ్యి మీద పెడితే అది పలగ్గొట్టుకోని బయటికొస్తది, మన మొకం మీదికి."

నలభై ఎనిమిది, ఆ ఏడాదంతా మాకు భయమే. ముందు రజాకార్ల భయం మా ఇంట్లో ఉండేది. వీధిలో బూట్ల చప్పుడు వినపడితే ఆపా వచ్చి మా గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నట్టు నటించేది. పోలీస్ యాక్షన్ అయ్యి పటాలాలు ఊళ్లోకి వచ్చాక ఆ భయం గోడ దాటి ఆమె ఇంటికి పోయింది. రైళ్లు ఆగిపోయి భర్త కాజీపేటలో చిక్కుకున్నాడు. తుపాకులు దాచారని ఇళ్లు సోదా చేస్తున్నారు. పట్టుకుపోయిన కుర్రాళ్లలో కొందరు తిరిగొస్తున్నారు, కొందరి జాడ తెలియడం లేదు. అట్లాంటి రోజుల్లో మౌలాలి నుంచి ఆమె తమ్ముడు వచ్చాడు. దర్జీపని చేసుకునే ఇరవయ్యేళ్ల వాడు, ఏ గొడవలోనూ లేడు. ఆ వయసే అప్పుడు నేరం. ఉత్త చేతులతో వస్తే భయపడి వచ్చాడంటారని, అక్క చేపల కోసమని గుట్ట మీది రాళ్లు సంచీనిండా ఏరుకొచ్చాడు.

మర్నాడు ఆపా నీళ్లకు పంపు దగ్గరికి వెళ్లింది. ఊరికే కూర్చుని తినలేక, అక్కకు పని తప్పిద్దామని, వాడు పెరట్లో పొయ్యి రాజేసి దేగ్చీలో రాళ్లు వేసి ఉడకబెట్టాడు.

నేను గోడకు ఇవతల బట్టలు ఆరేస్తున్నాను. ఢామ్మని పేలింది. మూత ఎగిరి మా పెరట్లో పడింది. మా అత్తగారు ఉన్నచోటే చతికిలబడి దేవుడి పేర్లన్నీ తలుచుకుంది. గల్లీలో తలుపులు టపటపా మూసుకున్నాయి. ఆపా బిందెతో పరుగెత్తుకొచ్చి లోపల అడుగు పెట్టిందో లేదో, గల్లీ మలుపులో కాపలా ఉన్న సైనికులు వెనకే వచ్చారు. ముగ్గురు, వాళ్లకొక ఆఫీసరు.

ఇల్లంతా తిరగేశారు. బియ్యం కుమ్మరించారు. ఒకడు చేపల తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున తడిమాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు ఆఫీసరుకు ఇంకా అనుమానం వచ్చింది, తుపాకీ ఎక్కడ పారేశావని తమ్ముడి భుజం పట్టుకున్నాడు. ఆపా పగిలిన రాతి పెచ్చులు చూపించింది. రాయిని సుత్తితో ఎవరైనా పగలగొడతారు అన్నాడతను. వాడిని గుమ్మం వైపు నడిపించారు.

అప్పుడు ఆపా అడ్డం నిలబడి, మళ్లీ ఉడికిస్తాను, మీరే వినండి అంది. ఆఫీసరు గోడకు ఇవతల నన్ను చూసి, ఇందాకటి చప్పుడు విన్నది నువ్వేనా, అయితే అక్కడే ఉండి విను అన్నాడు.

ఆమె సంచీలో రాళ్లు ఒక్కొక్కటీ తీసి, గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. ఎప్పుడూ ఏరి అవతల పడేసే రాళ్లనే, నెర్రెలిచ్చి లోపల తడి పట్టినవాటినే ఆ రోజు వెతికింది. రెండు దొరికాయి. దేగ్చీలో వేసింది. అందరూ దూరంగా జరిగారు. ఆమె మాత్రం మంట ఆరిపోతుందని పొయ్యి పక్కనే కూర్చుని కట్టెలు ఎగదోస్తూ ఉంది.

నీళ్లు మరిగాయి. ఏమీ కాలేదు. రాయి పగలాలని నేను మొక్కుకున్నాను, పగిలితే ఆమె మొహానికి తగులుతుంది, పగలొద్దనీ మొక్కుకున్నాను. రెండూ ఒకేసారి ఎట్లా కోరుకున్నానో తెలియదు. ఆఫీసరు ఇక చాలన్నాడు. తమ్ముడు "ఆపా" అని ఒక్కసారే పిలిచాడు. ఆమె తలెత్తలేదు, ఇంకో కట్టె పెట్టింది. వాళ్లు వాడిని లాక్కుని గుమ్మం దాకా వెళ్లారు.

పేలింది. ముగ్గురూ ఒక్కసారే వెనక్కి తిరిగి తుపాకులు మా మీదికి ఎత్తారు. మరిగే నీళ్లు ఆపా పాదాల మీద చిందాయి. ఆమె కదల్లేదు. కదిలితే కాలుస్తారని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

అదే చప్పుడా అన్నట్టు ఆఫీసరు నా వైపు చూశాడు. నాకు వచ్చిన నాలుగు ఉర్దూ ముక్కలూ ఆమె నేర్పినవే. "వహీ ఆవాజ్, సాబ్" అన్నాను. అతను వంగి ఒక పెచ్చు తీయబోయి, వేలు చురుక్కుమని వదిలేశాడు. మంచిగైంది అనుకున్నాను. తమ్ముడిని వదిలేసి వెళ్లిపోయారు.

మొన్న జనాజా దగ్గర ఆమె ఎంత ధైర్యవంతురాలో అందరూ చెప్పుకున్నారు. నేను చెప్పలేదు. ఆ రోజు సైనికులు వెళ్లాక ఏమైందో అక్కడెవరికీ తెలియదు.

ఆపా దేగ్చీ దించడానికి లేచి రెండడుగులు వేసి ఆగిపోయింది. "ఇంకోటి ఉన్నది అండ్ల" అంది. వెనక్కి వెనక్కి వచ్చి, కాలిన పాదాలతోనే గోడ దాటి నా పక్కన నక్కింది. తమ్ముడూ వచ్చాడు. మా అత్తగారూ వచ్చింది. కట్టెలు లాగేయడానికి మాలో ఎవ్వరికీ కాలు సాగలేదు. గోడ వెనక నలుగురం వంగి కూర్చున్నాం. ఆపా చెయ్యి నా చేతిలో ఎంతగా వణికిందంటే నా గాజులు చప్పుడయ్యాయి. అవతల నీళ్లు మరుగుతూనే ఉన్నాయి, మిగిలిన ఆ ఒక్క రాయీ గిన్నెకు టకటకా కొట్టుకుంటూనే ఉంది.